ఇంజను వేడెక్కేదాకా

"ఎండకి అద్దానికి పెట్టే అట్టని తెచ్చి కారు మూతికి కడతారేమిటండీ?" చున్నీ చెవులకు చుట్టుకుంటూ కారులోంచే అడిగింది అనంతలక్ష్మి.

"హైబ్రిడ్ కారే ఇది! ఇంజను త్వరగా వేడెక్కితేనే మధ్యమధ్య ఆగి, బండిని బ్యాటరీకి వదిలి పెట్రోలు మిగులుస్తుంది. ఈ ఎడారి చలిగాలికి అడ్డం పెట్టా," అంటూ కామేశ్వరరావు వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు. "అన్నట్టు నా ఆఫీసు బ్యాడ్జీ ఎక్కడ పెట్టావే? పొద్దుట్నుంచీ అడుగుతుంటే పలకవేం?"

ఆమె చేయి చాపి హీటరు నొక్కింది. అతను గభాల్న ఆపేశాడు.

"అప్పుడే కాదు లక్ష్మీ! లేచీలేవగానే ఉన్న కాస్త వేడీ మనం లాగేసుకుంటే పాపం అదెప్పుడు వెచ్చబడుతుంది? ముందు దాన్ని కుదురుకోనివ్వాలి. తర్వాత ఎంతడిగితే అంత ఇస్తుంది."

అనంతలక్ష్మి అతని వంక తేరిపార చూసింది.

"చీకటితో లేచాను. ఇద్దరికీ క్యారేజీలు కట్టాను, మీ చొక్కా ఇస్త్రీ చేశాను. నా కాఫీ గట్టుమీదే చల్లారిపోయింది."

కామేశ్వరరావు కారు కదిలించాడు. అల్ సద్ మలుపులో చిక్కటి కరక్ చాయ్ అమ్మే కొట్టు ముందు ఆపి హారన్ కొట్టాడు.

"దో చాయ్, సాబ్?" కొట్టతను కిటికీ దగ్గరికొచ్చాడు.

"ఏక్. మేడమ్‌కి. జల్దీ!"

పొగలు కక్కే కప్పు ఆమె చేతికిచ్చి, ఏమీ అడక్కుండా బుద్ధిగా కూర్చున్నాడు.

సగం కప్పు తాగాక అనంతలక్ష్మి నవ్వింది.

"మీ మెళ్ళోనే ఉంది బ్యాడ్జీ. స్వెట్టరు కింద చూసుకోండి."