మూడు బాతు గుడ్లు

“ఇందులో గుడ్లేవీ?”

ఖాళీ అట్టపెట్టె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు పోస్ట్‌మన్.

“కూరలో ఉన్నాయి,” అంది భార్య గరిట తిప్పుతూ. “మీ తమ్ముడు స్నేహితుల్ని వెంటేసుకుని చెప్పాపెట్టకుండా ఊడిపడ్డాడు. ఇంట్లో చూస్తే ఏమీ లేదు. సమయానికి తెచ్చిపెట్టారు.”

అతను ఆ పెట్టెను ఆమె ముందుకు చాపాడు.

“అవి మనవి కావే! పార్సిల్!”

ఆమె చేతిలో గరిట ఆగిపోయింది.

ఆ సాయంత్రం పార్సిల్ ఇద్దామని వెళ్తే, చివరి వీధిలో ఆ ఇంటికి తాళం వేసి ఉంది. వాన పట్టుకుంది. పెట్టె తడిసిపోతోంది. ఆఫీసు కట్టేసే వేళ దాటింది. పొద్దున్నే ఇచ్చేద్దామని ఇంటికి తెచ్చి, కుట్టుమిషను మీద పెట్టి, పంక్చరైన సైకిలు బాగుచేయించడానికి వెళ్ళాడు. ఆ కాస్తలోనే కొంప మునిగింది.

“తినడానికి తెప్పించుకున్నవి కూడా కావు. పొదిగించి పిల్లల్ని చేసుకునే బాతు గుడ్లు. పెట్టె మీద రాసుంది కదా!”

“ఆ కాగితం తడిసి ఊడిపోయిందండీ. ఒక్కో గుడ్డునీ రంపప్పొట్టులో పెట్టి ఉంటే, కొట్టువాడికి ఎంత శ్రద్ధో అనుకున్నాను.”

“ఎన్ని మిగిలాయి?”

“మూడు.”

అంతలో వీధి తలుపు చప్పుడైంది.

గొడుగు మడుస్తూ ఒక పెద్దాయన. చేతిలో దూది పరిచిన బుట్ట.

“నా గుడ్లు నువ్వు తీసుకెళ్ళావని ఎదురింటివాళ్ళు చెప్పారు బాబూ. మళ్ళీ నీకెందుకు శ్రమ, నేనే తెచ్చుకుందామని వచ్చాను.”

భార్యే ముందుకొచ్చింది.

“సైకిలు జారిందండీ. పెట్టె కిందపడి గుడ్లన్నీ పగిలిపోయాయి. మూడే దక్కాయి.”

ఆ మాట పూర్తయిందో లేదో, పక్కగదిలోంచి మరిది కేకేశాడు.

“వదినా! గుడ్ల కూర అదిరింది! ఇంకాస్త వడ్డించు!”

ఆమె గబుక్కున ఆ గది తలుపు దగ్గరికి లాగింది.

పెద్దాయన ఆ గది వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

మూడు గుడ్లనూ ఒక్కొక్కటిగా బల్బు వెలుతురుకి ఎత్తి, పగుళ్ళు లేవని చూసుకుని, దూదిలో సర్దుకున్నాడు.

గుమ్మం దిగబోతూ ఆగాడు.

“ఉద్యోగం పర్మనెంటయిందా బాబూ?”

“ఇంకా లేదండీ.”

తలాడించి వెళ్ళిపోయాడు.

“విన్నారా? ఎక్కడ కొడితే తగులుతుందో కనుక్కుని మరీ వెళ్ళాడు!” అంది ఆమె.

“వెళ్ళి కాళ్ళమీద పడి నిజం చెప్పేస్తాను.”

“చెప్పి, చేతులారా ఉద్యోగం ఊడగొట్టుకుంటారా? కదిలారంటే ఊరుకోను.”

మర్నాడంతా ఆమెకి కుట్టు కుదరలేదు. ఒకే చొక్కాకి చేతులు తిరగేసి కుట్టి, విప్పి, మళ్ళీ తిరగేసే కుట్టింది.

సాయంత్రం అతను కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు.

“పంపినవాళ్ళు పార్సిల్ చేరిందా అని ఆఫీసుకి ఫోన్ చేశారట. నేను ఇంటికి తీసుకెళ్ళిన సంగతి అప్పటికే ఎవరో మోసేశారు. కొత్తగా వచ్చిన ఆఫీసరు కదా, ఆ పెద్దాయన్ని పిలిపించి అడిగాడట.”

“అయిపోయింది మన పని!”

“నేను వీధుల్లో ఉండగానే వచ్చి వెళ్ళిపోయాడట. గుడ్లు భద్రంగా అందాయన్నాడట. ‘తాళం వేసి ఉంటుంది, మీ ఇంట్లో ఉంచు బాబూ’ అని ముందే నాతో చెప్పానన్నాడట.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆమే ముందు తేరుకుంది.

“ముక్కూ మొహం తెలియని మనిషి ఊరికే ఇంత మేలు చేస్తాడా? రేపో మాపో వచ్చి ఏదో ఒకటి అడక్కపోతే చూడండి.”

అన్నట్టే నెల తిరిగాక వచ్చాడు. ఆమె ఒక్కతే ఉంది. కిటికీ సందులోంచి గొడుగు కనపడగానే మిషను ఆపేసి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

“అమ్మా! లోపలున్నావా తల్లీ? మూడూ పిల్లలయ్యాయి! చూపిద్దామని తెచ్చాను.”

తలుపవతల సన్నగా కిచకిచలు. ఆమె కదల్లేదు.

“పనిలో ఉన్నట్టుంది. పదండి పోదాం,” అని పిల్లలతోనే చెప్పుకుంటూ మెట్లు దిగాడు.

ఏమీ అడగలేదు. పిల్లల్ని చూపించడానికే వచ్చాడు.

ఆ కిచకిచలు ఆమె చెవుల్లో జోరీగల్లా చేరి కూర్చున్నాయి. మిషను తొక్కుతున్నా అవే, పడుకున్నా అవే.

భర్త ఉద్యోగం పర్మనెంటయిన రోజు ఇక ఉండబట్టలేక, మొహం చెల్లకపోయినా, చివరి వీధికి బయలుదేరింది.

ఇంటికి తాళం. పక్కింటి పెరట్లో నీళ్ళ తొట్టి చుట్టూ మూడు బాతులు తిరుగుతున్నాయి. పక్కింటావిడ వాటికి గింజలు వేస్తోంది.

“ఆయన ఇల్లు ఖాళీ చేసి దూరంగా కూతురి దగ్గరికి వెళ్ళిపోయారమ్మా. వీటిని నాకు అప్పగించారు. ఇంతకీ నువ్వెవరు?”

“పోస్ట్‌మన్ భార్యనండీ. క్షమించమని అడుగుదామని వచ్చాను. మావారి కోసం ఆయన ఆఫీసుదాకా వచ్చి మాట సాయం చేశారు.”

ఆవిడ చేతిలో గింజలు జారిపోయాయి.

“పోస్టాఫీసుకా? ఆయనా? చచ్చినా ఆ గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్న మనిషమ్మా!”

“ఎందుకండీ?”

“నీకు తెలీదా? మీ ఆయనకి ముందు ఈ వీధులన్నిట్లో ఉత్తరాలు పంచింది ఆయనే. ఎవరిదో ఒక్క పార్సిల్ కనబడలేదని, ఏం జరిగిందో కూడా అడక్కుండా ఉద్యోగంలోంచి తీసేశారు.”