ఇద్దరికీ నడిచే ఫైలు

“పదిహేనేళ్లు కిక్కురుమనని ఫైలమ్మా ఇది! నువ్వు షెల్ మార్చిన పూటే మొరాయించింది,” అన్నారు మామగారు.

లైబ్రరీ కంప్యూటర్ల బాధ్యత ఆ ఉదయమే ఆయన నుంచి కోడలి చేతికొచ్చింది. ఆదేశాలు టైపు చేయడానికి ఆమె తనకు అలవాటైన కొత్త షెల్ ప్రోగ్రామ్ పెట్టుకుంది. లాగిన్ కాగానే ప్రింటర్‌ను ఎంచుకోవలసిన స్టార్టప్ ఫైలు ఏ ప్రింటర్‌నూ ఎంచుకోలేదు. కౌంటర్ ముందు రసీదుల కోసం వరుస పెరుగుతోంది.

“మీ షెల్ ప్రింటర్ల జాబితాను సున్నా నుంచి లెక్కపెడుతుంది మావయ్యగారూ, నాది ఒకటి నుంచి. మీ ఫైలు సున్నా దగ్గర వెతకమంటోంది, అక్కడ నాదానికి ఏమీ దొరకదు.”

“అయితే నా రాతలన్నీ చెరిపేసి నీవి రాసుకో.” ఆయన సంచీ భుజాన వేసుకున్నారు.

ఆమె ఒక్క నిమిషం టైపు చేసి, “రెండిట్లోనూ చూడండి,” అంది.

ఆయన నిలబడే తన షెల్ తెరిచి ఓ రసీదు పంపారు. ప్రింటర్ కక్కింది. ఆమెది తెరిచి ఇంకోటి పంపారు. మళ్లీ కక్కింది. అనుమానంగా ఫైలంతా కిందిదాకా చదివారు. జాబితా ఉన్న ఒక్క లైనే మారింది. ప్రింటర్ పేరు నేరుగా, రెండు షెల్‌లకూ అర్థమయ్యే పాత పద్ధతిలో ఉంది. మిగతావన్నీ ఆయన రాతలే.

“మీవెందుకు తీసేస్తాను? రేపు ఇరుక్కుంటే మీరేగా దిక్కు!”

మామగారు సంచీ దించారు. “ఆ కుర్చీ ఇటు జరుపు. నీ షెల్ ఇంకెక్కడెక్కడ పేచీ పెడుతుందో చూద్దాం.”