ఇంటి నూనె

వేరుశనగ నోట పడితే మా అమ్మాయి అమ్మణ్ణికి ఊపిరాడదు. అందుకని ఇంట్లో వంటంతా నువ్వులనూనెతోనే. సామర్లకోట బజారులో నూనెకొట్టు మాదే.

మొన్న పక్కింటి బంగారమ్మ మా పిల్లను పిలిచి వేడి గారెలు పెట్టింది. అరగంటలో నా చిట్టితల్లి ఊపిరాడక పోయింది.

మర్నాడు పలకరించడానికి వచ్చిన ఆమెను గుమ్మంలోనే నిలదీశాను.

"వేరుశనగనూనె పడదని చెప్పాను కదే! నా బిడ్డను చంపేశావు కదే!"

"ఒట్టు వదినగారూ! పిల్లకి పెడదామనే మీ కొట్టుకెళ్ళి, అన్నయ్యగారి చేత నువ్వులనూనె పోయించుకొచ్చానండీ" అని ఆమె గొల్లుమంది.

మా ఆయన తల దించుకున్నారు.

కొట్టులో అమ్మే నువ్వులనూనెలో ఆయన వేరుశనగనూనె కలుపుతారు. ఆ సంగతి నాకు ఎప్పటినుంచో తెలుసు. ఇంటికి మాత్రం కలపని డబ్బా విడిగా తెమ్మన్నది నేనే.