అర్థం రాయని మాట

"ఈ మాటకు అర్థం చెప్పు పాపా. చెప్పకుంటే మా ఇంట్లో మనిషి దక్కడు."

మునెమ్మ కౌంటర్ మీద పెట్టిన నోటుపుస్తకాన్ని చూడగానే ఫర్హానా చేతిలోని టీషర్టు జారిపోయింది. ఊదారంగు అట్ట, దాని మీద పెద్ద కళ్ల జపాన్ బొమ్మ, కింద భాగ్యశ్రీ చేతిరాత. వెనక అట్టకు ఫర్హానా దుకాణం స్టిక్కరు. హిందూపురం బస్టాండు వెనక సందులో, టీషర్టుల మీద అనిమే అనే జపాన్ కార్టూన్ల బొమ్మలు ప్రింటు చేసే ఆ దుకాణానికి భాగ్యశ్రీ రాని వారం ఉండేది కాదు. పెనుకొండ దగ్గర హైవే మీద ఆమె స్కూటర్‌ను లారీ గుద్ది, ఆమె పోయి ఇరవై రెండు రోజులయింది.

"ఇది పోయిందనుకున్నాం గదవ్వా! యాడ దొరికింది?"

"రోడ్డు మీద పడింటే ఎత్తి బండిలో పెట్టినారంట. ఆడే ఉండిపోయింది."

"నువ్వు భాగ్య వాళ్ల అవ్వవు కదా? ఆ పొద్దు నేను మీ ఇంటికి రాలేకపోయినా. బస్సెక్కి కూడా దిగేసినా. కాళ్లు రాలేదవ్వా. తిట్టుకోవద్దు."

మునెమ్మ ఏదో చెప్పబోయింది. ఈలోపల ఫర్హానా స్టూలు తుడిచి ముందుకు జరిపింది. మునెమ్మ కూర్చుంది.

పుస్తకం నిండా జపాన్ బొమ్మల కథల్లో వాడే మాటలే. తెలుగులో చూసేవాళ్ల కోసం అర్థాలు రాసి, చిన్న పుస్తకంగా వేద్దామని స్నేహితురాళ్లిద్దరూ అనుకున్నారు.

"'మంగా: కదలని బొమ్మల కథ. వెనక నుంచి ముందుకు చదవాలి.'" మునెమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "నాకు బడి లేదు పాపా. బస్సుల బోర్డులు చూసి చదువు నేర్చినదాన్ని. వస్తా వస్తా అంతా చదివినా. 'ఫిల్లర్: అసలు కథ కదలకుండా గడిచిపోయే భాగం.' ఇది మాత్రం బాగా తెలిసింది. మా ఇంట్లో ఇప్పుడు అదే నడస్తాంది."

ఫర్హానా పేజీ తిప్పింది. 'త్సుండెరె: పైకి తిట్లు, లోపల ప్రేమ. ఉదాహరణకు మా అమ్మ.' ఆమె నవ్వబోయి పెదవి కొరుక్కుంది.

చివరి పేజీలో ఒకే మాట ఉంది. ఇసెకై. పక్కన రెండు చుక్కలు. ఆ తర్వాత ఖాళీ.

"దీన్నే అడుగుతాండాడు," అంది మునెమ్మ. "అన్నం ముట్టడు. ఈ పుస్తకం ఒళ్లో పెట్టుకోని కూచుంటాడు. ఆ బిడ్డ ఈడ ఏం రాయాలనుకునిందోమ్మా అంటాడు. నేను కనుక్కోనొస్తా, నువ్వు నాలుగు ముద్దలు తిను అని చెప్పి వచ్చినా."

భాగ్య వాళ్ల నాయన అట్లా అయిపోయాడా అనుకుని ఫర్హానా ఆ పేజీ మీద అరచెయ్యి పెట్టింది.

"వేరే ఏ మాటైనా అడుగు, చెప్తా. ఇది వద్దవ్వా."

"వద్దంటే ఎట్ల తల్లీ? వాడు అడిగేది ఇదొక్కటే."

ఫర్హానా పుస్తకం వైపు చూస్తూ చెప్పింది. "ఇసెకై అంటే వేరే లోకం. ఆ కథలు చానా మటుకు ఒకే మాదిరి మొదలవుతాయి. ఒక పిల్లో, పిల్లోడో రోడ్డు మీద పోతాంటారు." ఆగింది. "లారీ వచ్చి గుద్దుతాది."

మునెమ్మ స్టూలు అంచు పట్టుకుంది.

"ఈడ చచ్చిపోతారు. కండ్లు తెరిస్తే ఇంకో లోకంలో ఉంటారు. ఆడ దెబ్బలుండవు, నొప్పులుండవు. కొత్త శక్తులొస్తాయి. కొత్త స్నేహితులొస్తారు."

"అయితే బిడ్డ బతికినట్లే గదా?"

"కథలో అవ్వా."

"కథలోనే అడుగుతాండా. మళ్లీ ఈడికి వస్తాదా?"

"చానా మటుకు రారు."

"అమ్మ ఎదురుచూస్తా ఉంటాదే?"

"అమ్మను ఇంక చూపించరు."

లోపల ప్రింటు మిషను వేడెక్కి కీచుమంది. ఫర్హానా లేచి స్విచ్చి ఆపి వచ్చింది. మునెమ్మ అదే చోట చూస్తూ ఉంది.

"మరి ఆ లారీ తోలినోడు? వానికి ఏ లోకం పాపా?"

ఫర్హానా ముఖం ఎర్రబడింది. "వాని గురించి నీకెందుకవ్వా? వాని ముఖం కూడా గీయరు. రెండు లైట్లు, ఒక హారన్, అంతే. మళ్లీ ఎవురూ అడగరు. నిజంగా కూడా అంతే గదా! మన భాగ్యను గుద్దినోడు బెయిలు మీద వచ్చి, కడుపు నిండా తిని యాడో పండుకోనుంటాడు. నాశనమైపోవల్ల వాడు."

మునెమ్మ పుస్తకాన్ని ముందుకు జరిపింది. "అర్థం రాయి తల్లీ. ఖాళీగా ఉండగూడదు."

ఫర్హానా రాసింది. 'ఇసెకై: ఈడ పోయినవాళ్లు కండ్లు తెరిచే లోకం.'

మునెమ్మ పెదవులు కదుపుతూ రెండుసార్లు చదువుకుంది. మూడోసారి కళ్లు మూసుకుని అప్పజెప్పుకుంది. పుస్తకం మూసి, అక్కడే వదిలి లేచింది.

"ఇది చెప్తే తింటాడా అవ్వా?"

"తినడు పాపా. దీంట్లో వానికి జాగా లేదు."

ఫర్హానాకు అర్థం కాలేదు. "అవ్వా, పుస్తకం మర్చిపోతాండావు."

"మర్చిపోలేదు. నువ్వే చెన్నేకొత్తపల్లికి పోయి ఆ బిడ్డ వాళ్లమ్మకు ఇయ్యి. కాళ్లు రాకున్నా పో."

"అదేందవ్వా? నువ్వు పోయేది ఆ ఇంటికే గదా!"

మునెమ్మ గడప దిగి చెప్పులు వేసుకుంది.

"నేను పోయేది ధర్మవరం పాపా. ముఖం గీయరన్నావే ఆ లారీ తోలినోడు, వాణ్ని కన్నదాన్ని నేను."