నలభై తర్వాత

“నూటయాభై... నూరు... ఎనభై...”

పెద్దాయన పడక్కుర్చీలో నిటారుగా కూర్చుని చదువుతున్నాడు. ఎదురుగా ఉన్నది ఖాళీ గోడ. ఆయనకు మాత్రం అది కంట్రోల్ రూమ్ తెరే. చంద్రుడి మీద దిగే నౌకల వేగం సెకనుకు ఎన్ని మీటర్లో పైకి చదవడం ఒకప్పుడు ఆయన ఉద్యోగం. ఆ రోజుల్లో గొంతు ఖంగుమనేది.

“అరవై... యాభై... నలభై...”

అక్కడ ఆగిపోయాడు. రోజూ అక్కడే ఆగుతాడు. ఆ రోజు తెర మీద అంకెలు నలభై దగ్గరే ఆగిపోయాయి. నౌక ముక్కలైంది. అంకెలు చదివేవాడి తప్పేముంది? కానీ ఆయన మనసు వింటేనా! తను ఆగకుండా చదివి ఉంటే లోపలున్న కుర్రాడు క్షేమంగా దిగేవాడని ఆయన పట్టుదల. ఆ దిగులుతోనే ఉద్యోగం వదిలాడు, మనుషుల్ని వదిలాడు, చివరికి నిద్ర కూడా వదిలేశాడు.

“నర్సమ్మా, తర్వాత?”

స్టూలు మీద కూర్చున్నామె మాత్రల డబ్బా మూసి అందుకుంది. “ముప్పై. ఇరవై. పది. అయిదు. రెండు. ఒకటి. దిగాడు సార్.”

“ఒకటేనా? నడకంత మెల్లగానా?”

“అవును సార్. కాలు కూడా బెణకలేదు.”

పెద్దాయన ముఖం విప్పారింది. “మరి తిరిగి బయల్దేరాడా?”

“ఎప్పుడో! సెకనుకు రెండు కిలోమీటర్లు దాటేసింది వేగం.”

“అబ్బో! దిగేటప్పుడు అంత నెమ్మది, వచ్చేటప్పుడు ఇంత తొందరా?”

“ఇంటికి కదా సార్.”

ఆయన పకపకా నవ్వాడు. ఆ నవ్వు కోసమే ఆమె రోజూ రెండు బస్సులు మారి వస్తుంది. నవ్వితే ఆ పూటకు నిద్రపోతాడు. ఇవాళ మాత్రం నవ్వు మధ్యలోనే ఆగింది.

“ఇల్లు చేరాడా? వాళ్ళావిడ తలుపు తీసిందా?”

ఆమె దుప్పటి ఆయన గుండెల దాకా లాగింది. అంచులు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

“తీసింది సార్. ఇంత ఆలస్యమా అని చీవాట్లు పెట్టింది.”

“పెట్టాలి మరి!” అంటూ ఆయన తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.

గురక మొదలయ్యాక ఆమె తలుపు చేరవేసి బయటపడింది. బస్సులో చంద్రుడు కనిపించే కిటికీ పక్క సీటు ఖాళీగా ఉన్నా లోపలి సీట్లోనే కూర్చుంది. ఇంటికే వెళ్తున్నా ఆమెకు తొందరేమీ లేదు.

మెట్లెక్కి, తాళం తీసి, చంద్రుడి మీదికి వెళ్తూ భర్త విడిచిన చెప్పుల పక్కనే ఆమె తన చెప్పులు విప్పింది.