రెండో సినిమా

సాయంత్రంలోగా ఏదో ఒక ఫిల్మ్ స్కూల్‌కి "వస్తున్నాను" అని మెయిల్ పెట్టకపోతే రెండు సీట్లూ పోతాయి. మధ్యాహ్నమైనా చెల్లెలు ఎటూ తేల్చుకోలేక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతోంది.

మొదటి స్కూల్‌కి పేరుంది, పెద్ద స్టూడియో ఉంది, అక్కడ చదివినవాళ్లకి పనికి కొదవ లేదట. రెండోదాని పేరే ఎవరూ వినలేదు. పాత భవనం, కాసిని కెమెరాలు. అడిగినవాళ్లంతా ఇందులో ఆలోచించడానికేముంది అన్నారు. ఆ మాటే ఆమెకి మింగుడుపడటం లేదు. స్కూల్ సంగతి తెలియాలంటే అక్కడి పిల్లలు తీసిన సినిమా చూడాలని ఆమె పట్టుదల. ఒక్కో స్కూల్ నుంచి ఒక్కోటి తెప్పించుకుంది కూడా.

"రెండూ అమ్మకి చూపిద్దాం," అంది చివరికి. "అమ్మకి ఏది నచ్చితే అదే నా స్కూల్."

కళ్లజోళ్ల షాపులో పనిచేసే అన్న ఎవరినో బతిమాలి ప్రొజెక్టర్ తెచ్చాడు. కిటికీలకి దుప్పట్లు కట్టారు, గోడకి తెల్ల దుప్పటి తగిలించారు. పట్టపగలే ఇల్లు చీకటైంది. సందులోంచి జారిన సన్నటి వెలుగులో దుమ్ము మెల్లగా తేలుతోంది. తల్లి తల దువ్వుకుని మరీ వచ్చి పడక్కుర్చీలో కూర్చుంది.

మొదటి సినిమా పరుగులు తీసింది. కార్లు, కేకలు, ఓ హత్య. తల్లి కళ్లార్పకుండా చూసింది, హంతకుడెవరో ముందే చెప్పేసింది, చివర్లో చప్పట్లు కొట్టింది.

రెండోదాంట్లో ఖాళీ ప్లాట్‌ఫాం. పొగమంచు. ఒక బెంచీ, ఒక దీపం, సన్నగా వాన. ఎక్కడో గంట మోగింది. చెల్లెలికి ఒళ్లు ఝల్లుమంది. తను తియ్యాలనుకునేది ఇలాంటిదే. ఆశగా తల్లివైపు తిరిగితే, ఆవిడ నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది.

"డైరెక్టరుగారూ, తీర్పు వచ్చేసింది," అన్నాడు అన్న గొంతు తగ్గించి. "రోజూ ఎన్ని కళ్లు చూస్తానో నీకు తెలుసుగా. ఇవి మూసుకున్న కళ్లే."

ఆమె తల్లిని లేపబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. నాన్న పోయినప్పటి నుంచి అమ్మకి సరిగ్గా కునుకు లేదు, పట్టక పట్టక పట్టిన నిద్ర ఎందుకు చెడగొట్టడం అన్నాడు. ఆపేస్తే ఆ నిశ్శబ్దానికే లేచిపోతుందని సినిమాని ఆడనిచ్చి, తనూ అక్కడే కూర్చున్నాడు.

చెల్లెలు ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ప్రాణం ఉసూరుమంది. అయినా మాటంటే మాటే. మొదటి స్కూల్‌కి మెయిల్ రాసి, ఇక పంపబోతుంటే తల్లి గుమ్మంలోకి వచ్చింది. కళ్లు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం తేటగా ఉంది.

"రెండోదే బాగుంది," అంది.

"నిద్రపోయావు కదమ్మా."

"ఏదో కాస్త కన్ను మూతపడింది, అంతే. ఆ బెంచీ, ఆ దీపం, ఆ వాన, అన్నీ చూశాను. చివర్లో రైలు ఆగి ఒకాయన దిగుతాడు చూడు, గొడుగు చంకలో పెట్టుకుని తడుస్తూ. గొడుగు ఉండీ తడిసే మనిషి మీ నాన్న ఒక్కరే అనుకున్నాను ఇన్నాళ్లూ." తల్లి నవ్వింది, వెంటనే కళ్లు తుడుచుకుంది. "బెంచీ దగ్గరికొచ్చి, వచ్చి చాలాసేపైందా అని అడుగుతాడు. ఎంత హాయిగా ఉందో తెలుసా."

ముగింపు చూడకుండా వచ్చేసినందుకు చెల్లెలు నొచ్చుకుంది. రాసిందంతా చెరిపేసి, రెండో స్కూల్‌కి వస్తున్నానని పంపేసింది. గుండె తేలికపడింది.

అన్న గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఇంకా ఎగతాళి చెయ్యలేదేమిటా అనుకుంది. తల్లి టీ పెట్టడానికి స్టవ్ వైపు తిరిగాక అతని దగ్గరికెళ్లి, "ఆ దిగినాయన నిజంగా నాన్నలాగే ఉన్నాడా?" అని గుసగుసగా అడిగింది.

అన్న ఒకసారి తల్లివైపు చూశాడు.

"నేను చివరిదాకా చూశాను," అన్నాడు. "ఆ సినిమాలో అసలు రైలే రాదు."