మారిన మూతలు

క్రాంకు, కనెక్టింగ్ రాడ్లు మార్చి, నిమిషానికి తొమ్మిది వేల చుట్లు తిరిగేలా నేను కట్టిన ఇంజన్, పందెంలో మూడో రౌండుకే పట్టేసింది.

మర్నాడు షెడ్డులో అందరి ముందూ, కారు నడిపిన చెల్లిని కడిగిపారేశాను. "గేరు తప్పు వేసి, ఆడలేక మద్దెల ఓడంటావా?"

నిన్నంతా "గేరు సరిగ్గానే వేశాను" అని వాదించిన చెల్లి ఇవాళ తల వంచుకుంది. "తప్పు నాదే అన్నయ్యా."

అందరూ వెళ్ళాక ఇంజన్ కింద ఆయిల్ సంపు విప్పబోయాను. పానాతో నేను బిగించిన బోల్టులు వేళ్ళతోనే ఊడొచ్చాయి.

రాడ్డుని క్రాంకుకి పట్టి ఉంచే మూత, ఏ రాడ్డుది ఆ రాడ్డుకే పడాలి; మారితే ఇంజన్ పట్టేస్తుంది. అందుకే రెండింటి మీదా ఒకే నంబరు కొడతాం. ఇక్కడ రెండో రాడ్డుకి మూడో మూత ఉంది, మూడోదానికి రెండోది. బిగించింది నేనే. నల్లటి ఆయిల్లో ఆ నంబర్లు మాత్రం గుడ్డతో తుడిచినట్టు మెరుస్తున్నాయి.

నేను కాక షెడ్డు తాళంచెవి ఉన్నది చెల్లి దగ్గరే. పొద్దున్నే వచ్చి చూసింది. చూశాకే తల వంచింది.

"ఇంజన్ విప్పావా అన్నయ్యా?" గుమ్మంలోంచి చెల్లి అడిగింది.

ఆయిల్ చేతులు వెనక్కి దాచుకున్నాను.

"ఇంకా లేదమ్మా."